మాటకి అడ్డొచ్చే మనిషి

చెవిలో పెట్టిన ఇయర్‌ఫోన్లో ప్రొడ్యూసర్ పిల్ల గొంతు “అరనిమిషం ఉందక్కా” అంటోంది. మైకు సర్దిన చెయ్యి మెడకి చల్లగా తగిలి వెళ్ళిపోయింది. మేకప్పాయన ముక్కు మీద ఆఖరుసారి పౌడరద్ది, ఎప్పుడూ లేంది ఇవాళ భుజం కూడా తట్టాడు. తట్టకయ్యా మహానుభావా, తడితే ఏడుపొస్తుంది, ఏడిస్తే మళ్ళీ మొదట్నుంచీ పుయ్యాల్సింది నువ్వే. లైట్లు వేశారు, కళ్ళు చికిలించకూడదు. నెత్తిమీద వేడి, కాళ్ళ దగ్గర ఏసీ చలి, నాలుగు నెలలుగా నేను నడుం పైన వేసవిలోనూ నడుం కింద శీతాకాలంలోనూ బతుకుతున్నాను. ఈ బల్ల జనానికి కనపడే వైపు నున్నగా మెరుస్తుంది, మా వైపు ఉత్త చెక్కా మేకులూ, మోకాళ్ళు గీరుకుపోతాయి. ముందున్న రెండు కప్పుల్లోనూ ఏమీ ఉండదు, మధ్యమధ్యలో ఎత్తి గుటకేసినట్టు నటించాలి. గాలి తాగి గాలి తాగి ఇక్కడిదాకా వచ్చాం. ఇవాళ్టితో సరి. “మిట్టమధ్యాహ్నం” అనే మా ప్రోగ్రాం, సగం వార్తలూ సగం వాదనా, భోజనాలయ్యాక జనం కునికే వేళకి వచ్చేది, ఇంకో గంటలో అయిపోతుంది. సోమవారం నుంచి ఈ టైముకి పాత సీరియల్ మళ్ళీ వేస్తారట. సీరియల్లో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురారు, మొహాలు చూపించుకుంటూ తమ వంతు వచ్చేదాకా ఆగుతారు, అందుకే నచ్చుతుంది కాబోలు. పక్క కుర్చీలో మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. తుడుచుకోండి, తుడుచుకుని పెట్టుకోండి. ఈ గంటసేపూ అది మీ ముక్కు మీదే ఉంటే నాకింకేం అక్కర్లేదు.

మాస్టారని అందరూ అంటారు గానీ ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. పేపరు నడిపారు. ఇవాళ టీవీల్లో నోరున్న ప్రతివాడూ ఒకప్పుడు ఆయన ఎర్రసిరా దెబ్బలు తిన్నవాడే. నేను మాత్రం తినలేదు, నేను వార్తలు చదివేదాన్ని, ఎవరో రాసింది చూసి ఎక్కడా తడబడకుండా చదవడం నా విద్య. అలాంటి నన్ను తీసుకొచ్చి ఆయన పక్కన కూర్చోబెట్టి, ఆయన ఔనంటే నువ్వు కాదను, ఆయన కాదంటే నువ్వు ఔనను, అదే ఉద్యోగం అన్నారు. “ఇన్నాళ్ళూ నువ్వు ఇంట్లో ఊరికే చేస్తున్న పనికి వాళ్ళు జీతం కూడా ఇస్తున్నారన్నమాట” అన్నారు మా ఆయన. ఆ రోజు నవ్వాను. మొదటివారం భలేగా గడిచింది. మాస్టారు చిన్న గొంతుతో మొదలుపెట్టి మెల్లిగా పైకి వెళ్ళేవారు, నేను కింద నుంచి రాళ్ళు రువ్వేదాన్ని, బ్రేకులో ఇద్దరం ఒకే డబ్బాలోంచి తినేవాళ్ళం. ఆయన తిండి సగం నాకు పెట్టి, “తిను, తిని బలం తెచ్చుకుని మళ్ళీ నన్ను తిట్టు” అనేవారు.

జింగిల్ అయిపోయింది. ఎర్రలైటు. నమస్కారం. నా నోరు దానంతటది పనిలోకి దిగిపోయింది, పెద్ద పైపు పగిలి వీధులు మునిగాయి, ఆస్పత్రిలో లిఫ్టు ఆగి రోగుల్ని మెట్ల మీద మోశారు, బస్సుల వేళలు మారాయి. నోరు ఒకచోటా మనసు ఇంకోచోటా ఉండటం నాకు పాత అలవాటే, ఎక్కడో భూకంపం వచ్చిన వార్త చదువుతూ, స్టవ్వు కట్టేశానా లేదా అని ఆలోచించినదాన్ని. పైపు సంగతి మాస్టారు అందుకున్నారు. బావుంది, గొంతు బావుంది ఇవాళ, మెల్లిగా పైకి వెళ్తోంది. “ఆ పైపు మా చిన్నప్పుడు వేసిందండీ. వేసినాయన అప్పుడే చెప్పాడు, దీన్ని ఇరవై ఏళ్ళకోసారి... ఏళ్ళకోసారి...” చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది. తీశారు. నేను దూకేశాను. “ఆగండాగండి మాస్టారూ, మీ చిన్నప్పటి కబుర్లు ఎవరిక్కావాలండీ? ఇవాళ ఆ వీధుల్లో జనం మంచాల మీదెక్కి కూర్చున్నారు, వాళ్ళకి మీ పాత కథలు చెప్తారా?” ఆయన ముఖం ఎర్రబడింది. “కథలు కాదమ్మాయ్! ఎందుకు మునిగారో చెప్తుంటే వినవేం? మార్చలేదు! మార్చమంటే మార్చలేదు, అందుకు మునిగారు!” వచ్చింది. మార్చడం అన్న మాట వచ్చింది, కళ్ళజోడు మళ్ళీ ముక్కెక్కింది, బండి పట్టాలెక్కింది. చెవిలో గొంతు నిట్టూర్చింది. “అక్కా, ఆఖరిరోజైనా...” అంది. నేను మాస్టారి కంటికొస కోసం చూశాను. ఇలా ప్రతిసారీ ఆయన కంటికొసలో ఒక చిన్న నవ్వు కదులుతుంది, కెమెరాకి అందనంతది, నాకు మాత్రమే. ఈ నాలుగు నెలల్లో నాకొచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. ఇవాళ కదల్లేదు. ఆఖరిరోజు కదా, మనసు బాగుండదులే అనుకున్నాను.

అది మొదలైంది రెండోవారంలో. వంతెన. వంతెన గురించి మాట్లాడుతూ ఆయన వంతెన అనే మాట మర్చిపోయారు. “నది మీద కడతామే, అది...” అని ఆగిపోయారు, నేనేమో వాదన వేడిలో ఉన్నాను, సందు దొరికింది కదాని దూరిపోయాను, ఆయన కోపంతో “వంతెన సంగతి నీకేం తెలుసు!” అని అరిచారు. అంతే, ఎవరికీ ఏమీ తెలీలేదు, నాక్కూడా. రెండ్రోజుల తర్వాత లిఫ్టు పనిచెయ్యక మెట్లెక్కుతుంటే మలుపులో ఆగి, మెట్ల కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకుని, “అమ్మాయ్, నాకు మాటలు పోతున్నాయి” అన్నారు. ఎవరో దండెం మీద బట్టలు పోతున్నాయన్నట్టు మామూలుగా అన్నారు. “డాక్టరు దానికేదో పేరు చెప్పాడు. ఆ పేరూ గుర్తులేదు చూడు” అని నవ్వారు కూడా. ఇంట్లో తెలుసట. ఇక్కడ మాత్రం తెలియకూడదట. “తెలిస్తే జాలిపడి ఇంటికి పంపిస్తారు. మాట్లాడకుండా ఇంట్లో కూర్చుంటే మిగిలినవి కూడా తొందరగా పోతాయమ్మా.” నేను గబగబా, అయితే మాట తట్టనప్పుడు నేను అందిస్తానండీ అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది, తప్పు వాక్యం చూసినట్టు చూశారు. “అందించకు! అందిస్తే ముసలాడికి మతి పోయిందని ఒక్కరోజులో తెలిసిపోతుంది. అడ్డం పడు. పోట్లాడు. పోట్లాటలో మాట పోయినా ఎవడూ పట్టించుకోడు, పైగా కోపంలో నాకు మాటొస్తోంది. నేను కళ్ళజోడు తీశానంటే నువ్వు దూకాలి. అంతే.” మరి జనం నన్ను తిడతారు కదండీ అన్నాను. “తిడతారు” అన్నారు, ఏమాత్రం బుజ్జగించకుండా. “ఆలోచించుకుని చెప్పు.” నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఒప్పుకునేదాన్నో కాదో తెలీదు. అంత పెద్దమనిషి మెట్ల మీద నిలబడి నన్ను అడిగారు, సరేనండీ అనేశాను.

ఇంక చూడండి నా వైభవం. ఆయన కళ్ళజోడు తీస్తే నేను అరుస్తాను, జనానికి మాత్రం నేను అరిస్తే ఆయన విసుగొచ్చి కళ్ళజోడు తీసినట్టు కనిపిస్తుంది. ముందేది వెనకేది అని ఎవరు చూస్తారు? మా అత్తగారు చూస్తారా? టీవీ ముందు కుర్చీ వేసుకుని, సౌండు పక్కింటికి వినపడేలా పెట్టుకుని ప్రతిరోజూ చూస్తారావిడ, సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే అందుకుంటారు. “ఆయన పెద్దవాడే, నీకు తండ్రి వయసు. నోట్లోంచి మాట ఇలా రాగానే కాకి ఎత్తుకుపోయినట్టు ఎత్తుకుపోతావేం? నేను మాట్లాడితే ఇంట్లో వినవు సరే, దేశమంతా చూస్తుంటే ఆయన మాటైనా విననక్కర్లేదా?” నేను నీళ్ళు తాగుతూ వింటాను. ఆవిడకి మాస్టారంటే ప్రాణం, ఆయన పాత వ్యాసాలు కత్తిరించి దాచుకున్నారు. మా అమ్మాయి కాలేజీలో నా “ఆగండాగండి మాస్టారూ” లన్నీ ఒకచోట కుట్టి, వెనక డప్పుల మోత పెట్టి ఎవరో వీడియో చేశారట, పిల్ల వారంరోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత తనే వచ్చి, “నువ్వలా ఎందుకు చేస్తావమ్మా, ఇంట్లో అలా ఉండవుగా” అంది. ఆ ప్రశ్నకి మాత్రం ఏడుపొచ్చింది. పాల దుకాణం దగ్గర ఒకావిడ లైనులో తన ముందు చోటిచ్చి, “వెళ్ళమ్మా వెళ్ళు, ఎలాగూ మధ్యలో దూరతావుగా” అంది, అందరూ నవ్వారు, నేనూ నవ్వి పాలు తీసుకుని వచ్చేశాను. మాస్టారి భార్య కూడా ఒకరోజు ఫోన్ చేశారు, ఆవిడకి జబ్బు సంగతి తెలుసు గానీ మా ఒప్పందం తెలీదు, చెప్తే రేపట్నుంచి గడప దాటనివ్వదని ఆయన చెప్పలేదు. “ఆయనకి కాస్త నోరు తెరిచే అవకాశం ఇవ్వమ్మా, నీకు పుణ్యం ఉంటుంది” అన్నారావిడ. అలాగేనండీ అన్నాను. మర్నాడు మూడుసార్లు అడ్డం పడ్డాను.

కోపం లేదా అంటే ఉంది. మీకేం తెలుసని తిడుతున్నారర్రా అని ఈ కెమెరాల్లోకి చూసి అరవాలనిపించిన రోజులున్నాయి. ఆయన మీద కూడా వచ్చింది కోపం. హాయిగా జాలి తీసుకుని ఇంట్లో కూర్చోవచ్చుగా, మీ పరువుకి నా పరువు ఖర్చు పెడుతున్నారేం అనుకున్నాను. అనుకున్న మర్నాడే ఆయన బ్రేకులో డబ్బా తెరిచి నాకు పెట్టారు, తిన్నాను. పోయినవారం పై అంతస్తులో కూర్చునే ఛానల్ పెద్దమనిషి నన్ను పిలిచి కూర్చోమని, కిటికీలోంచి చూస్తూ, “జనాన్ని అడిగించామండీ. మాస్టారంటే గౌరవం ఉంది. మీరు నోరు తెరవగానే ఛానల్ మారుస్తున్నారు” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, చెప్పడానికి ఇబ్బందిపడ్డాడు పాపం. ప్రోగ్రాం ఆపేస్తున్నామన్నాడు, ఇంక తెరమీద వద్దు, లోపల కూర్చుని వార్తలు రాయండి అన్నాడు. ఒక్క వాక్యం. సార్, ఆయనకి మాటలు పోతున్నాయి, నేను కాపాడుతున్నాను అని ఒక్క వాక్యం చెప్తే చాలు, నా పేరు నాకొచ్చేసేది. నాలిక చివరిదాకా వచ్చింది. సరేనండీ అని లేచి వచ్చేశాను. నోరు పెద్దదని నన్ను ఊరంతా అంది, నేను నోరు మూసుకున్న ఆ ఒక్కసారి చూడ్డానికి ఊరు లేదు.

బ్రేకు. లైట్లు కాస్త తగ్గాయి. రెండో సగంలో ఇవాళ్టి వాదన, ఆఫీసుల్లో మధ్యాహ్నం కునుక్కి సెలవివ్వాలా వద్దా. మా వేళకి తగిన గొడవ, ఇన్నాళ్ళకి దొరికింది. మాస్టారు ఇవ్వాలంటారు, నేను వద్దంటాను, నిజానికి నాకు ఇప్పుడే ఈ బల్ల మీద తల పెట్టుకుని పడుకోవాలనుంది. మాస్టారు డబ్బా తెరవలేదు. తేలేదేమో. కాగితం ముక్క మీద ఏదో గీతలు గీస్తున్నారు, నా వైపు చూడటం లేదు. పొద్దున్న మేకప్పు గదిలో నేనే ఆయన చెవి దగ్గరికి వంగి, “ఇవాళ కూడా కళ్ళజోడు తీస్తారుగా?” అన్నాను. “కళ్ళజోడా? కొత్తదమ్మా ఇది, బావుందా?” అన్నారు. ఆటపట్టిస్తున్నారనుకుని, బ్రహ్మాండంగా ఉందండీ అన్నాను. భయమంతా ఆఖరి రెండు నిమిషాల గురించే. ఆఖర్న రెండు నిమిషాలు నేనొక్కణ్ణే మాట్లాడతాను, ఇంక తెరమీదికి రాను, జనానికి సెలవు చెప్పుకుంటాను అని ఆయనే అడిగారు. రాసి ఎదురు తెరమీద పెడతాం, చూసి చదవండి అంటే, చదివేది సెలవు చెప్పడం అవుతుందా అని కసిరారు. అందరూ ఎగిరి గంతేశారు, పై అంతస్తుతో సహా. జనం ఆయన్ని ఆఖరుసారి చూసేది అప్పుడే. యాభై ఏళ్ళు మాటలతో బతికిన మనిషి ఒక మాట కోసం దేవులాడుతూ మిగిలిపోతారా, సింహంలా లేచి వెళ్ళిపోతారా, నాకు కావాల్సింది అదొక్కటే. నా పేరెలాగూ పోయింది, ఇంకాస్త పోతే అడుగు కనిపిస్తుంది, అంతేగా. చెవిలో గొంతు మెల్లిగా, “అక్కా, ఆ రెండు నిమిషాలూ నీ మైకు ఉంచుతున్నా, నీ మీద నమ్మకంతో. నీ కాళ్ళు పట్టుకుంటా, అడ్డురాకు” అంది. ప్రొడ్యూసర్ పిల్ల, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది, మాస్టారి వ్యాసాలు చదివి ఈ పనిలోకి వచ్చానని చెప్పుకుంటుంది, ఆ పిల్లకి నేనంటే ఇష్టమే, నా నోరంటేనే భయం.

కునుకు వాదన నడుస్తోంది. బాగా నడుస్తోంది, మాస్టారు సరదాగా ఉన్నారు, నిద్రపోయేవాడు కనీసం తప్పులు చెయ్యడు అన్నారు, స్టూడియోలో నవ్వులు వినిపించాయి, నేను కూడా కెమెరా మర్చిపోయి నవ్వాను. ఒక ఫోన్ కలిపారు. బట్టలు కుట్టే ఆవిడట, వెనక మిషను చప్పుడు, ఆపకుండానే మాట్లాడుతోంది. “మాస్టారూ, మీరంటే మాకు చాలా గౌరవమండీ. రోజూ కుట్టుకుంటూ వింటాను. ఆ పక్కనావిణ్ణి మాత్రం ఇవాళొక్కరోజు ఊరుకోమనండి బాబూ.” మాస్టారు నా వైపు తిరిగారు. ఇలాంటి ఫోన్లు వచ్చినప్పుడు ఆయన ఏదో ఒకటి అని నన్ను వెనకేసుకొచ్చేవారు, ఆవిడ లేకపోతే నాకు మాటే రాదండీ అనేవారు, జనం వేళాకోళం అనుకునేవారు, మా ఇద్దరికీ తెలిసి మేం ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం. ఇవాళ ఏమంటారా అని చూస్తున్నాను. “చెప్తానమ్మా,” అన్నారు ఆవిడతో, “చెప్తూనే ఉన్నాను, వినదు.” గొంతులో వేళాకోళం లేదు. కప్పెత్తి గాలి తాగాను.

“రెండు నిమిషాలు. మాస్టారు ఒక్కరే. కెమెరా ఆయన మీదే” అంది చెవిలో గొంతు. మాస్టారు కుర్చీలో ముందుకి జరిగారు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నారు, శుభ్రంగా గోళ్ళు కత్తిరించుకున్న పెద్ద చేతులు. “సెలవు చెప్పడానికి వచ్చానండీ,” అని మొదలుపెట్టారు, చిన్న గొంతు, మెల్లిగా పైకి వెళ్ళే గొంతు. “రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నా పేరు అచ్చులో చూసుకోవాలని పొద్దున్నే లేచి పేపరు కోసం వీధిలో నిలబడేవాణ్ణి. అప్పట్నుంచీ మీరు నన్ను భరించారు. నేను రాసినప్పుడు చదివారు, చదివి తిట్టారు, తిట్టి మళ్ళీ చదివారు. ఈ నాలుగు నెలలూ మీ ఇళ్ళల్లోకి వచ్చి కూర్చున్నాను, మీరు నన్ను...” ఆగారు. నా చూపు కళ్ళజోడు మీదికి పోయింది. చెయ్యి కదల్లేదు. బల్లమీదే ఉంది. తియ్యండి. తియ్యండి మాస్టారూ. తీస్తే నేను చూసుకుంటాను. ఆయన కెమెరా వైపు నెమ్మదిగా చూస్తున్నారు, నవ్వుముఖమే. “వద్దక్కా,” చెవిలో గొంతు వణుకుతోంది, “కదలకు. గొంతు పూడుకుపోయింది ఆయనకి. ఉండనీ, ఎంత బావుందో.” ఔను, చూసేవాళ్ళకి అలాగే ఉంటుంది, మా అత్తగారు కళ్ళొత్తుకుంటూ ఉంటారు ఈపాటికి, ఇలాగే ఇంకాసేపు ఉంటే అయిపోతుంది, మౌనంగా సెలవు తీసుకున్నాడనుకుంటారు, నేనూ ఊరుకోవచ్చు, ఒక్కసారి నేనూ మంచిదాన్ని కావచ్చు. అప్పుడాయన మళ్ళీ మొదలుపెట్టారు. “సెలవు చెప్పడానికి వచ్చానండీ. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నా పేరు అచ్చులో చూసుకోవాలని...” అదే వాక్యం, అదే గొంతు, వీధిలో నిలబడేవాణ్ణి, భరించారు, తిట్టారు, మళ్ళీ చదివారు, మీ ఇళ్ళల్లోకి వచ్చి కూర్చున్నాను, మీరు నన్ను... ఆగారు. చెవిలో గొంతు “అక్కా?” అంది, ఈసారి అడిగినట్టు. కెమెరా వెనక ఎవరో కదిలారు. మాస్టారి ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ వెనకాల మనిషి వెతుక్కుంటున్నాడు, చీకట్లో గోడ తడుముకున్నట్టు వెతుక్కుంటున్నాడు, అది నాకు తెలుసు, ఇంకో రెండు క్షణాల్లో అందరికీ తెలుస్తుంది. పెదవులు కదిలాయి. “సెలవు చెప్ప...”

“చాలండీ మాస్టారూ!” అన్నాను. గొంతు నాదేనా అన్నంత గట్టిగా వచ్చింది. “చదివారూ భరించారూ అని ఎన్నిసార్లు చెప్తారు? ఎవరు భరించారండీ? చూసేవాళ్ళు లేకే కదా ఈ ప్రోగ్రాం మూసేస్తున్నారు. మీ మాట ఎవరికీ అక్కర్లేదు, ఒప్పుకోండి!” స్టూడియోలో ఎవరో ఛ అన్నారు, స్పష్టంగా వినిపించింది. చెవిలో ఏమీ లేదు, ఆ పిల్ల ఏడుస్తోందేమో. మాస్టారు నా వైపు తిరిగారు. కంటికొస కోసం చూశాను, కదులుతుందని చూశాను, ఒక్కసారి కదిలితే చాలు, జన్మంతా తిట్లు తినమన్నా తింటాను. ఏమీ లేదు. పాల దుకాణం దగ్గర ఆవిడ చూపే ఆయన కళ్ళల్లోనూ ఉంది. “నువ్వు,” అన్నారు, “ఈ నాలుగు నెలల్లో ఒక్కసారైనా నన్ను మాట పూర్తిచెయ్యనిచ్చావా? నోరు తెరిస్తే చాలు అడ్డం పడతావు. పెద్దవాణ్ణని కూడా చూడవు. నేన్నీకేం అపకారం చేశానమ్మాయ్? ఎందుకు నీకు నామీద ఇంత కోపం?” నటన కాదు. నిజంగా అడుగుతున్నారు. నిజంగా తెలీదు. మెట్లు పోయాయి, కమ్మీ పోయింది, వంతెన పోయింది, దూకమన్నది పోయింది, ఇందాక పైపు దగ్గర కళ్ళజోడు తీసింది ఉత్త చేతి అలవాటు, ఇద్దరికి తెలిసిన సంగతి ఇప్పుడు నా ఒక్కదానికే మిగిలింది. ఒంటరిగా అనిపించింది, అంత ఒంటరితనం నాకెప్పుడూ తెలీదు. చెప్పచ్చు. మీరే అడిగారు కదండీ అనచ్చు. ఆయన ముఖం ఎర్రగా ఉంది. కళ్ళల్లో వెతుకులాట లేదు, మంట ఉంది. మంటుంటే మాటొస్తుంది.

“ఎందుకంటే మీరు చెప్పేదాంట్లో విషయం ఉండదు కాబట్టి” అన్నాను.

“విషయం లేదా!” ఆయన చెయ్యి బల్లమీద పడింది, కప్పులు ఎగిరిపడ్డాయి. “విషయం లేదా? విను. ఒక మనిషి రాసింది ఇంకో మనిషి పనిమానుకుని చదవడమంటే ఏంటో నీకు తెలుసా? ఆవిడ, ఆ మిషను కుట్టే ఆవిడ, కాలు ఆపకుండా నా మాట విన్నది. ఆవిడకి నేనేం ఇచ్చాను? ఏమీ ఇవ్వలేదు, మాటలిచ్చాను. ఆవిడ వాటిని దాచుకుంది. నా దగ్గర లేకపోయినా ఆవిడ దగ్గర ఉంటాయి. మాట అన్నవాడి సొత్తు కాదమ్మాయ్, విన్నవాడి సొత్తు! నాలుగు నెలలు కాదు, నాలుగు రోజులు విన్నా చాలు...” వస్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి, తడుముకోకుండా, మెల్లిగా కాదు, ఒక్కసారిగా పైకి. నేను ముఖం చిట్లించుకుని కూర్చున్నాను, బల్ల కింద మోకాలికి మేకు గుచ్చుకుంటోంది, గుచ్చుకోనీ. ఎంత అందంగా మాట్లాడుతున్నారీయన. నన్ను తిడుతూ ఎంత అందంగా మాట్లాడుతున్నారు. ఆయన కెమెరా వైపు తిరిగారు, గొంతు దిగింది, సెలవన్నారు, ఎవరెవరి దగ్గర సెలవు తీసుకోవాలో వరసగా చెప్పారు, పేపర్లు పంచినవాళ్ళు, అచ్చు కూర్చినవాళ్ళు, ఉత్తరాలు రాసి తిట్టినవాళ్ళు, ఒక్కరినీ మర్చిపోలేదు. నన్ను తప్ప. చెవిలో గొంతు మళ్ళీ వచ్చింది, ముక్కు ఎగబీలుస్తూ, “నువ్వు మారవక్కా. టైమైపోయింది, అయినా నేను కట్ చెయ్యట్లేదు, చెయ్యను, ఏమైతే అదయింది” అంది. మంచిదానివే తల్లీ. ఆయన ఊపిరి కోసం ఆగారు. ఆగితే మళ్ళీ పోతాయేమో, మళ్ళీ మొదటికి వెళ్ళిపోతారేమో. నేను కుర్చీలో వెనక్కి వాలి, ఆవులింత వస్తున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “ఇంకా ఉందా చెప్పడానికి?” అన్నాను, నాకు చేతనైనంత వెటకారంగా.

“ఉంది,” అన్నారు మాస్టారు. “చాలా ఉంది.”